గాలికి అడ్డం పెట్టండి, అందం సంగతి తర్వాత

మా మేనల్లుడు విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఈ డిసెంబరులో స్నేహితులతో కలిసి బండ్ల మీద ఒడిశాలోని దేవమాలి కొండకి వెళ్దామని ప్లాను వేశారు. మొన్న రాత్రి నాకు ఒక లింకు పంపాడు. బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్. ఆ ధర పెడితే మా వీధిలో ఒక చిన్న కుటుంబానికి నెల సరుకులు వచ్చేస్తాయి. కింద ఒక ప్రశ్న: "మావయ్యా, నువ్వు ఎప్పుడూ ఆ కొండల్లోనే తిరుగుతావు కదా, ఇవి చాలా? జాకెట్ కూడా మంచిది కొనాలా?"

ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేశాను గానీ తృప్తిగా అనిపించలేదు. చలికి ఏం కొనాలి అన్న దగ్గరే వాడి ఆలోచన మొదలైంది, అక్కడే ఆగిపోయింది. వాడు చూసే వీడియోలు కూడా అంతే. నేను అక్కడే, కోరాపుట్ జిల్లా జయపురంలో ఉంటాను. మందుల కంపెనీలో రెప్ ఉద్యోగం, బతుకంతా బండి మీదే. కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, దామన్‌జోడి, పొట్టంగి, అప్పుడప్పుడు లక్ష్మీపూర్ మీదుగా రాయగడ. ఈ రోడ్ల మీద చలికాలాలు గడిపాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: బండి మీద చలిని ఆపేది ఖరీదైన బట్ట కాదు, గాలికి పెట్టే అడ్డం. ఆ అడ్డాలు చాలావరకు చవకే. కాకపోతే చూడ్డానికి బాగోవు. మా వైపు డబ్బు లేక వణికేవాళ్ళు ఉన్నారు, కాదనను. డబ్బుండి, సిగ్గుపడి వణికేవాళ్ళు మాత్రం తక్కువేం లేరు.

ఇదీ ఒక చలేనా?

"ఇదీ ఒక చలేనా, లడాఖ్ వెళ్ళి చూడు" అనేవాళ్ళు ప్రతి టీ బడ్డీ దగ్గరా ఒకరుంటారు. నిజమే, మాకు మంచు గడ్డలు కట్టవు, రోడ్డు జారదు. కానీ లడాఖ్ వెళ్ళేవాడు లడాఖ్‌కని సిద్ధమై వెళ్తాడు. ఇక్కడ మనిషి సిద్ధంగా ఉండడు. కోరాపుట్ పట్నమే దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. దేవమాలి శిఖరం 1672 మీటర్లు, ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. డిసెంబరు, జనవరిల్లో సెమిలిగుడ, పొట్టంగి వైపు తెల్లవారుజామున ఐదారు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. అదే రోజు మధ్యాహ్నం చొక్కా మడతపెట్టుకుని తిరగాలి. పొద్దున్నకి సరిపడా కట్టుకుంటే మధ్యాహ్నం మోత బరువు, మధ్యాహ్నానికి సరిపడా కట్టుకుంటే పొద్దున్న నరకం. అందుకని అందరూ మధ్యేమార్గంగా ఒక స్వెట్టర్ వేసుకుని బయల్దేరతారు. అది రెండు పూటలకీ పనికిరాదు.

ఇంకోటి. ఎత్తుకి వెళ్ళేకొద్దీ చలి ఎక్కువ అనుకుంటాం. పగటిపూట అది నిజమే. తెల్లవారుజామున మాత్రం చాలాసార్లు తిరగబడుతుంది. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి బరువెక్కి, నీళ్ళలాగా పల్లానికి జారి అక్కడే మడుగు కడుతుంది. ఘాట్ మీద మలుపుల్లో ఫరవాలేదనిపించిన చలి, కిందకి దిగి కొలాబ్ నది పక్క పొలాల మధ్యకి రాగానే మోకాళ్ళ దగ్గర కత్తిలా తగులుతుంది. పొగమంచు కూడా అక్కడే. దేవమాలి పైన వణుకుతామని వచ్చిన కుర్రాళ్ళు కొండ మీద బాగానే ఉంటారు, కింద సెమిలిగుడ దాటేటప్పుడు పళ్ళు టకటకలాడిస్తారు.

గాలి లెక్క

చలికాలం రాగానే మా రెప్‌ల గ్రూపులో ఒక మెసేజీ తిరుగుతుంది. అరవై స్పీడులో వెళ్తే మీ ఒంటికి తగిలేది మైనస్ పది డిగ్రీల చలి, కాబట్టి జాగ్రత్త అని. భయపెట్టడానికి బాగుంది గానీ లెక్క తప్పు.

ఈ లెక్కకు మూలం అంటార్కిటికాలో ఉంది. 1940ల మొదట్లో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు అమెరికన్లు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు పోసి, బయట గాలిలో వేలాడదీసి, అవి గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో కొలిచారు. మనిషి ఒళ్ళు నీళ్ళ గొట్టం కాదు కాబట్టి ఆ అంకెలు మరీ ఎక్కువగా వచ్చేవి. 2001లో అమెరికా, కెనడా మనుషుల ముఖాల మీద పరీక్షలు చేసి సూత్రాన్ని మార్చాయి. కొత్త సూత్రంలో మన అంకెలు వేసి చూశాను. గాలి 10 డిగ్రీలుంటే, 50 కిలోమీటర్ల వేగంలో ముఖానికి దాదాపు ఐదున్నర డిగ్రీల చలిలా తగులుతుంది. గాలి 5 డిగ్రీలుంటే మైనస్ 1 దాకా వెళ్తుంది. మైనస్ పది ఎక్కడా లేదు. పైగా ఇది బట్ట కప్పని చర్మానికి వేసిన లెక్క. బండి ఎంత వేగంగా వెళ్ళినా ట్యాంకు గానీ ఇంజను గానీ బయట గాలి కంటే చల్లబడవు. గాలి చేసే పని ఒకటే, మన ఒంటి వేడిని త్వరగా పట్టుకుపోవడం.

ఈ లెక్కలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. "మెల్లగా వెళ్ళు, చలి తగ్గుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు, నేనూ నమ్మాను. 5 డిగ్రీల చలిలో 50 నుంచి 30కి తగ్గితే కలిసొచ్చేది డిగ్రీ పైచిలుకు మాత్రమే. గాలి దెబ్బలో పెద్ద భాగం మొదటి పది, ఇరవై కిలోమీటర్ల వేగంలోనే తగిలేస్తుంది. కోరాపుట్ నుంచి సెమిలిగుడ ఇరవై కిలోమీటర్లనుకుంటే యాభైలో 24 నిమిషాలు, ముప్ఫైలో 40 నిమిషాలు. డిగ్రీ కోసం పావుగంట ఎక్కువసేపు చలిలో కూర్చోవడం. పొగమంచులో మెల్లగానే వెళ్ళాలి, దానికి కారణం వేరు. చలికి మందు మాత్రం అది కాదు.

కాబట్టి వేగం తగ్గించి గాలిని మోసం చేయలేం. అడ్డం పెట్టాలి.

స్వెట్టర్ మీద నాకున్న ఫిర్యాదు

ఉన్ని మంచిదే. అది తనలో గాలిని పట్టి ఉంచుతుంది, కదలని ఆ గాలే వెచ్చదనం. ఇంట్లో కూర్చున్నంతసేపూ స్వెట్టర్‌కి తిరుగులేదు. బండెక్కితే మాత్రం అల్లిక కన్నాల్లోంచి గాలి దూరి, లోపల నిలిచిన వెచ్చటి గాలిని క్షణంలో తోసేస్తుంది. అప్పుడు చాలామంది చేసే పని రెండో స్వెట్టర్ వేసుకోవడం. రెండో దానికీ కన్నాలే. పైన గాలి చొరబడని పొర ఒక్కటి ఉంటే ఒక్క స్వెట్టర్ చాలు. ఆ పొర మన ప్రతి ఇంట్లోనూ ఉంది, వానాకాలం అయిపోగానే మడిచి అటక మీద పడేస్తాం. రెయిన్‌కోట్.

ఎండలో రెయిన్‌కోట్ వేసుకుని తిరిగితే మనుషులు చూసే చూపు నాకు తెలుసు. మెడికల్ కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ అతను "వానెక్కడండీ?" అని ఆకాశంలోకి చూశాడొకసారి. మా ఉద్యోగంలో టై, ఇస్త్రీ చొక్కా, పాలిష్ బూట్లు తప్పవు. అలాంటి వేషం మీద మోకాళ్ళ దాకా రెయిన్‌కోట్ తొడిగితే తోటి రెప్‌లు నవ్వుతారు. నవ్వనీ. గేటుకి వంద గజాల ముందే విప్పి డిక్కీలో పెడతాను. డాక్టరు గారి ముందు కూర్చునేసరికి నా చెయ్యి వణకదు, నవ్వినవాడి చేతిలో శాంపిళ్ళు వణుకుతుంటాయి.

రెయిన్‌కోట్‌లో చెమట పట్టదా అంటే పడుతుంది. బండి నడిపేటప్పుడు కాదు, ఆగాక. ఆగిన వెంటనే జిప్పు తియ్యకపోతే లోపల తేమ చేరుతుంది, మళ్ళీ బయల్దేరినప్పుడు ఆ తేమే చలి పుట్టిస్తుంది. ఇది నిజమైన లోపమే. రెయిన్‌కోట్ తెచ్చుకోని రోజున పేపరు ఉంది. నాలుగు పేజీలు మడిచి స్వెట్టర్‌కీ జర్కిన్‌కీ మధ్య, గుండె మీద నుంచి పొట్ట దాకా పెట్టుకుంటే గాలి ఆగుతుంది. ఫ్రాన్సు సైకిల్ పందెంలో కొండ ఎక్కినవాళ్ళు దిగే ముందు చొక్కాలో పేపరు కుక్కుకునేవారు. వాళ్ళ సంగతి తెలియకముందే మా వైపు లారీ క్లీనర్లు ఈ పని చేస్తున్నారు. ఒక్క జాగ్రత్త: పేపరు తెల్ల చొక్కాకి ఆనకూడదు. సిరా అంటుకుంటుంది, నిన్నటి హెడ్డింగు తిరగేసిన అక్షరాలతో పొట్ట మీద కనబడుతుంది.

సెమిలిగుడ టీ బడ్డీ దగ్గర

బస్టాండు దగ్గర టీ బడ్డీ నడిపే ఆయన సాలూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నాకు తెల్లవారుజాము హాల్టు అక్కడే. క్రితం జనవరిలో విశాఖ నుంచి కుర్రాళ్ళ గుంపు ఒకటి దిగింది. పెద్ద బండ్లు. మోచేతులకీ మోకాళ్ళకీ రక్షణ ఉన్న జాకెట్లు, ప్యాంట్లు. పడితే ఎముక విరగకుండా కాపాడే సరుకు, దాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ జాకెట్లన్నీ జాలీ బట్టవి. ఎండాకాలంలో గాలి ఆడటానికని కుట్టినవి. లోపల వేసుకునే లైనింగు ఇంట్లో వదిలేసి వచ్చారట, బరువని. ఒక అబ్బాయి గ్లాసు పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య నొక్కి పెట్టుకుని తాగుతున్నాడు. ఇంకో అబ్బాయి హెల్మెట్ బకిల్ విప్పుకోలేక స్నేహితుడి ముందు మెడ చాపి నిలబడ్డాడు.

అప్పుడే పాలాయన వచ్చాడు. పాత బండి, రెండు పక్కలా క్యాన్లు. లెగ్‌గార్డుకి ముందు వైపు ఎరువుల సంచి చీల్చి కట్టాడు. హ్యాండిల్ రెండు చివర్లా రెక్సిన్ తొడుగులు, లోపల పాత కంబళి ముక్క. పైన మోకాళ్ళ దాకా ప్లాస్టిక్ కోటు, మెడ చుట్టూ తువ్వాలు బిగించి లోపలికి దోపాడు. దిగి, తొడుగుల్లోంచి చేతులు బయటికి తీసి, రోజూలాగే చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు. ఒక్క నాణెం జారలేదు. చేతికి గ్లోవ్స్ కూడా లేవు. "జాడ లాగుచి?" అని అడిగాను, చలేస్తోందా అని. క్యాన్ల వైపు చూపించి, పాలకి వేస్తోంది అన్నాడు.

కుర్రాళ్ళు వెళ్ళాక బడ్డీ ఆయన అన్నాడు: "బొమ్మలు బాగున్నాయి బాబూ, గాలాగదు."

ఇక్కడ నా వాదనకి ఎదురు వాదన నేనే చెప్పాలి. ఆ పాలాయన పడితే? మోచేతికి రక్షణ లేదు, నెత్తిన హెల్మెట్ కూడా లేదు. కుర్రాళ్ళు వణికినా ప్రాణాలతో లేస్తారు. కాబట్టి ఆయన్ని ఆదర్శం అనడం లేదు. రక్షణకి జాకెట్, వెచ్చదనానికి దాని మీద రెయిన్‌కోట్. రెండూ వేరు వేరు పనులు. ఒకే బట్ట రెండూ చేస్తుందని అమ్మేవాడు చెప్తాడు, అలాంటివి ఉన్నాయి కూడా, కానీ వాటి ధర నా సేల్స్ ఇన్సెంటివ్‌కి అందదు.

ముందు చేతులు

ఒళ్ళంతా చలేస్తే అది బాధ. వేళ్ళకి చలేస్తే అది ప్రమాదం. బ్రేకూ క్లచ్చూ వేళ్ళతోనే కదా. చర్మం వేడి 15 డిగ్రీల దగ్గరికి పడేసరికి వేళ్ళ చురుకుతనం బాగా పోతుంది. ఇంకా పడితే స్పర్శే తెలియదు, లీవర్ ఎంత నొక్కామో అంతు దొరకదు. యాభై స్పీడులో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. వేళ్ళు అర సెకను ఆలస్యంగా ముడుచుకుంటే ఏడు మీటర్లు. ఘాట్ రోడ్డులో మలుపు తిరగ్గానే ఆవు నిలబడే దూరం అది.

వేళ్ళ మీద ఎంత ఉన్ని చుట్టినా వాటికి సొంతంగా వేడి పుట్టించే కండ లేదు. వేళ్ళని కదిపే కండరాలు మోచేతి కింద భాగంలో ఉంటాయి. వేళ్ళకి వెచ్చదనం రక్తంతోనే రావాలి. గుండె, పొట్ట చల్లబడుతున్నాయని ఒళ్ళు పసిగట్టగానే మొదట చేతులకీ కాళ్ళకీ వెళ్ళే రక్తనాళాలని బిగిస్తుంది. అంటే వేళ్ళు మొద్దుబారడానికి కారణం చాలాసార్లు గ్లోవ్స్‌లో ఉండదు, తెరిచి ఉన్న కాలర్‌లో ఉంటుంది. గుండెకి పేపరు అడ్డం పెడితే వేళ్ళు వెచ్చబడతాయంటే మా మేనల్లుడు నమ్మలేదు. మందులు అమ్మేవాణ్ణి కాబట్టి కాస్త అధికారంగానే చెప్పాను, అయినా నమ్మలేదు.

గ్లోవ్స్ విషయంలో మంచి చిట్కా నాకు ఒక ఆస్పత్రి సిస్టర్ చెప్పింది. ఆవిడ స్కూటీ మీద డ్యూటీకి వస్తుంది. లోపల సర్జికల్ గ్లోవ్స్, పైన మామూలు ఉన్ని గ్లోవ్స్. రబ్బరు గాలిని చర్మం దాకా రానివ్వదు, ఉన్ని కొంత వేడిని పట్టి ఉంచుతుంది. మందుల షాపులో ఆరున్నర, ఏడు, ఏడున్నర అని సైజులుంటాయి, మన సైజు కంటే కొంచెం వదులుది తీసుకోవాలి. బిగుతైన గ్లోవ్స్ రక్తాన్ని ఆపి చలిని పెంచుతాయి, ఇది తోలు గ్లోవ్స్‌కీ వర్తిస్తుంది. అరగంట దాటితే లోపల చెయ్యి చెమటకి నానుతుంది, అది మాత్రం తప్పదు. దూరం వెళ్ళాలంటే రెండో జత జేబులో ఉండాలి.

ఎడం చేతిని ఇంజను దగ్గర పెట్టి వెచ్చబెట్టుకునే అలవాటు మా వైపు బండి నడిపేవాళ్ళలో సగం మందికి ఉంది. నా తోటి రెప్ ఒకతను జయపురం ఘాట్‌లో అలా వంగి ఉండగా ముందు లారీ ఆగింది. క్లచ్ పట్టే చెయ్యి సిలిండర్ దగ్గర ఉంది. కుడి చేత్తో, కాలితో రెండు బ్రేకులూ తొక్కి, బండి ఎగిరెగిరి ఆఫ్ అయిపోయి, లారీ వెనక పలకకి జానెడు దూరంలో ఆగాడు. మొద్దుబారిన వేళ్ళకి ఇంజను ఎంత వేడిగా ఉందో కూడా తెలియదు. బొబ్బ ఆస్పత్రికి వచ్చాక చూసుకున్నాడు. చలిమంట దగ్గర కూడా ఇదే తంటా. వేళ్ళు మొద్దుబారినప్పుడు చంకల్లో పెట్టుకోవడమే అన్నిటికంటే మంచి పని. మరీ తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా మారే వేళ్ళయితే అది చలి ఒక్కటే కాకపోవచ్చు, డాక్టరుకి చూపించుకోవాలి.

ఆ వికారమైన తొడుగుల గురించి

హ్యాండిల్ తొడుగులంటే కుర్రకారుకి ఎంత చిన్నచూపో! ఎలుగుబంటి చేతులంటారు, పాలవాడి బండంటారు. నేను జయపురంలో సీటు కవర్లు కుట్టేవాడి దగ్గర రెక్సిన్‌తో కుట్టించుకున్నాను. బ్యాటరీ గ్లోవ్స్ ధరలో ఇరవయ్యో వంతు కూడా కాలేదు. ఛార్జింగ్ అక్కర్లేదు, వాన పడ్డా ఫరవాలేదు, లోపల చేతికి పల్చటి గ్లోవ్ ఉంటే చాలు. లీవర్ మీద వేళ్ళ పట్టు పూర్తిగా తెలుస్తుంది. దళసరి గ్లోవ్స్‌లో అది రాదు.

హీటెడ్ గ్రిప్స్, అంటే కరెంటుతో వేడెక్కే హ్యాండిల్ పిడుల సంగతేమిటని మేనల్లుడు అడిగాడు. పెద్ద బండ్లకి బాగానే ఉంటాయి. మా నూట పాతిక సీసీ బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ బల్బే 35 వాట్లు, 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బండ్లకి ఆ లైటు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. దాని మీద ఇంకో 30, 40 వాట్లు లాగే సామాను తగిలిస్తే ఘాట్‌లో మెల్లగా ఎక్కేటప్పుడు బ్యాటరీకి నిండేదానికంటే ఖాళీ అయ్యేదే ఎక్కువవుతుంది. పైగా గ్రిప్ అరచేతిని వెచ్చబెడుతుంది, గాలి కొట్టేది వేళ్ళ వెనక వైపు.

తొడుగుల్లో లోపాలు లేవనను. స్పీడు పెరిగితే గాలి తోపుకి మెత్తటి తొడుగు లీవర్ మీద ఒత్తుకుంటుంది. వెనక వచ్చేవాడికి మన బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది, డిస్కు ఉన్న బండయితే రాపిడి కూడా. హైవే మీద డెబ్భై దాటేవాళ్ళకి నేను వీటిని చెప్పను. ఘాట్‌లో నలభై, యాభై మీద నడిచేవాళ్ళకి ముందు వైపు గట్టి అట్ట పెట్టి కుట్టిస్తే ఈ ఇబ్బంది ఉండదు. ఇండికేటర్, హారన్ స్విచ్చులు కనబడవు, వేళ్ళకే గుర్తుండాలి. అన్నిటికంటే పెద్ద అభ్యంతరం, పడితే చెయ్యి లోపల ఇరుక్కుంటుందేమోనని. మూతి బిగుతుగా ఎలాస్టిక్ పెట్టినవాటికి ఆ భయం నిజమే. కుట్టేవాడు ఎలాస్టిక్ పెడతానని పట్టుబడతాడు, లోపల వెచ్చగా ఉంటుందని. వద్దనాలి. మూతి బాగా వెడల్పుగా, చెయ్యి గుడ్డిగా దూరి గుడ్డిగా బయటికి వచ్చేలా ఉండాలి. కాస్త గాలి దూరినా ఫరవాలేదు. తిన్నగా ఎదురొచ్చే గాలి ఆగితే చాలు.

తలకాయ గురించి రెండు మాటలు

ఒంటి వేడిలో సగం తలలోంచి పోతుందని, అందుకే మంకీ క్యాప్ తప్పదని చెప్తారు. ఆ మాట 1970 నాటి అమెరికా సైన్యం పుస్తకంలోంచి వచ్చింది. తల మన ఒంటి మొత్తం చర్మంలో దాదాపు పదో వంతు, పోయే వేడీ దాదాపు అంతే. హెల్మెట్ ఉన్నవాడికి తల బాధ అసలు లేదు. దళసరి ఉన్ని మంకీ క్యాప్ మీద హెల్మెట్ పెడితే అది సరిగ్గా కూర్చోదు, పడినప్పుడు జారుతుంది. పల్చటి కాటన్ తొడుగు చాలు. గాలి దూరేది హెల్మెట్‌కీ కాలర్‌కీ మధ్య ఉన్న ఆ మూడు వేళ్ళ సందులోంచి. అక్కడ మఫ్లర్ చుట్టి కొసలు లోపలికి దోపేస్తే సగం చలి అక్కడే ఆగిపోతుంది.

హెల్మెట్ ముందు అద్దం, అదే వైజర్ మీద ఊపిరి ఆవిరి పట్టకుండా లోపల వైపు సబ్బు చుక్క రాసి పొడి గుడ్డతో తుడిచేస్తే కొంతసేపు పనిచేస్తుంది. పొగమంచులో అది కూడా చాలదు, ఒక నొక్కు పైకి తెరిచి ఉంచాల్సిందే.

ఎప్పుడు బయల్దేరాలన్నది ఎవరి చేతిలో ఉంది?

ఇంతా చెప్పాక నాకే ఒక సందేహం. అసలు తెల్లవారుజామున ఎందుకు బయల్దేరాలి? రోజు మొత్తంలో చలి ఎక్కువగా ఉండేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయం వేళ. నేల రాత్రంతా వేడి పోగొట్టుకుంటూనే ఉంటుంది, ఎండ అందుకునే దాకా. దేశమంతటి గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా జయపురం పక్క నుంచే పోతుంది కాబట్టి మాకు గడియారం, సూర్యుడు దాదాపు ఒకే మాట మీద ఉంటారు. జనవరిలో ఆరున్నర ప్రాంతంలో ఎండ వస్తుంది. ఎనిమిదింటికి బయల్దేరేవాడికి నేను పైన రాసినదాంట్లో సగం అక్కర్లేదు.

కానీ మా పై ఆఫీసు వాళ్ళు పొద్దున్నే ఓపీకి ముందే డాక్టర్లని కలవమంటారు. భువనేశ్వర్‌లో కూర్చుని టైము టేబులు వేసేవాళ్ళకి సెమిలిగుడ పొగమంచు తెలియదు. చలికాలం రెండు నెలలు ఒక గంట వెనక్కి జరపమని అడిగితే "జాకెట్ అలవెన్సు ఆలోచిస్తాం" అన్నారు. ఇంకా ఆలోచిస్తున్నారు. నాకు అడగడానికి ఆఫీసయినా ఉంది. శుక్రవారం కుందులి సంతకి అల్లం బస్తాలు వేసుకుని చీకట్లోనే బయల్దేరేవాళ్ళు ఎవర్ని అడుగుతారు? ఎండ వచ్చాక వెళ్ళు అన్న సలహా ఆ వెసులుబాటు ఉన్నవాడికే సలహా. అందుకే మళ్ళీ రెక్సిన్ తొడుగుల దగ్గరికే వస్తాను.

చలికి ఓ గుక్క వేసుకుని బండెక్కేవాళ్ళూ ఉన్నారు. చట్టం సంగతి అలా ఉంచి చూసినా, సారా చర్మం కింది రక్తనాళాలని తెరుస్తుంది. వెచ్చగా అనిపిస్తుంది గానీ ఒంటి లోపలి వేడి చర్మం మీదకి వచ్చి ఇంకా త్వరగా గాలికి పోతుంది. టీ తాగండి. చోడి (రాగి) అంబలి ఇంకా మంచిది.

వెనక సీటు

ఇప్పటిదాకా రాసిందంతా నడిపేవాడి గురించి. ఇది చదివి వినిపిస్తే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "మీ గాలి సైన్సు ముందు సీటుకేనా?"

నిజానికి నడిపేవాడికి వెనక కూర్చున్న మనిషి వీపుకి అడ్డం. వెనక కూర్చున్నవాళ్ళకి ముందు మనిషి అడ్డమే కదా అంటాం. రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చుంటే నిజమే. చీర కట్టుకుని పక్కకి కూర్చునే మనిషికి మోకాళ్ళు, పాదాలు అన్నీ గాలిలోనే. కాళ్ళకి చెప్పులు. చేతిలో సంచీ, ఒళ్ళో పిల్ల. కదిలే పని లేదు కాబట్టి ఒంట్లో వేడి పుట్టదు. శాలువా కప్పుకుంటే కొస ఎగురుతుంది, చక్రంలో పడితే ఇక చెప్పక్కర్లేదు. శారీ గార్డు చీరని ఆపేలా చేశారు గానీ ఎగిరే శాలువా కొసకి అది అన్నిసార్లూ సరిపోదు. బండి మీద చలి గురించి నేను చూసిన ఏ వీడియోలోనూ ఈ మనిషి లేదు.

చీర మీద నా పాత రెయిన్‌కోట్ ప్యాంటు తొడుక్కోమన్నాను. లోపల కుచ్చిళ్ళు నలుగుతాయి, పండక్కి వెళ్ళేది ఇలాగా అంది. సాక్సులు, బూట్లు ఒప్పుకుంది. జర్కిన్ తిరగేసి ముందు నుంచి తొడుక్కుంటే గాలి ఆగుతుందన్నాను, అదీ ఒప్పుకుంది, జయపురం దాటాక మాత్రమే. రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చోవడానికి డ్రెస్ వేసుకోవచ్చు కదా అంటే, అత్తగారి ఊరికి డ్రెస్‌లో రమ్మని మీ అమ్మగారి చేత చెప్పించండి అంది. మా అమ్మకి ఫోన్ చేశాను. బండెందుకురా, బస్సు లేదా అంది.

సంక్రాంతికి సాలూరు వెళ్ళేటప్పుడు ఆవిడా పిల్లా బస్సులోనే వస్తారు. నేను పొట్టంగి, సుంకి ఘాట్ మీదుగా బండి మీద దిగుతాను, రెయిన్‌కోట్ వేసుకుని. సుంకి దిగేసరికి ఉక్కపోస్తుంది, విప్పి డిక్కీలో పెట్టాలి.